రెండో రైట్

రన్‌వే ఖాళీగా ఉంది. గాలి ఎదురుగా, మర్యాదగా వీస్తోంది. రెండు సీట్ల శిక్షణ విమానంలో ఎడమ సీట్లో రిటైరైన బస్సు డ్రైవరు ఒక్కడే కూర్చున్నాడు. కుడి సీటు ఖాళీ. బయల్దేరమని కంట్రోల్ టవర్లో కూర్చున్నాయన అనుమతి ఇచ్చి చాలాసేపయింది. ఇంజను తిరుగుతూనే ఉంది. విమానం మాత్రం కదలడం లేదు.

"మీకే చెబుతున్నాను. బయల్దేరవచ్చు," అంది రేడియోలో టవరు గొంతు.

"విన్నానండి," అన్నాడు డ్రైవరు.

"విన్నాక కదలాలి కదా!"

"కదలాలండి."

కదల్లేదు. ఎడమ చెయ్యి కంట్రోలు మీద, కుడి చెయ్యి ఇంజను వేగం పెంచే థ్రాటిల్ మీద, కాళ్లు పెడళ్ల మీద, అన్నీ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. ఆ కుడి చెయ్యి మాత్రం అత్తారింట్లో కొత్తల్లుడిలా బిగుసుకుపోయింది. దిగాల్సిన మరో విమానం పైన చక్కర్లు కొడుతోంది. చివరికి టవరాయన విసుగెత్తి, "అనుమతి రద్దు. పక్కకి తప్పుకోండి," అన్నాడు. డ్రైవరు బుద్ధిగా తప్పుకున్నాడు. తప్పుకుంటూ అలవాటు కొద్దీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి సిగ్నలు కూడా ఇచ్చాడు.

గడ్డి అంచున నిలబడ్డ పంతులమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆయనకి విమానం నేర్పుతున్నది ఈ పిల్లే. ఆయన కూతురికంటే కూడా చిన్నది. ఆయన ఆమెను పంతులమ్మా అంటాడు, ఆమె ఆయన్ని బాబాయ్ గారూ అంటుంది.

"ఏమైంది బాబాయ్ గారూ? ఒంట్లో బాగోలేదా?"

"శుభ్రంగా ఉందమ్మా."

"మరి భయమేసిందా? మొదటిసారి ఒంటరిగా అంటే ఎవరికైనా వేస్తుంది లెండి."

"భయమైతే నయమే," అని డ్రైవరు నేలచూపులు చూశాడు. "ఎవరూ రైట్ చెప్పలేదమ్మా."

ఈ ముక్క అర్థం కావాలంటే ఆయన నడిపిన బస్సు సంగతి కొంచెం చెప్పుకోవాలి.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఒకే రూట్లో సిటీ బస్సు నడిపాడు. ఆ బస్సులో కండక్టరు ఆయన భార్యే. పెళ్లయ్యాక ఒకే బస్సు దొరికిందా, ఒకే బస్సు దొరికాక పెళ్లయిందా అని అడిగితే మొగుడూ పెళ్లాలు చెరో జవాబు చెబుతారు. బస్సుకి రెండు తలుపులు. కండక్టరమ్మ పద్ధతి ఏమిటంటే, స్టాపులో జనం ఎక్కీ దిగీ అయ్యాక వెనక తలుపు దగ్గర వంగి ఆఖరి మెట్టు దాకా చూసి "రైట్" అంటుంది. అక్కణ్నుంచి జనాన్ని తోసుకుంటూ ముందు తలుపు దాకా వచ్చి, అక్కడి మెట్లూ చూసుకుని రెండో "రైట్" అంటుంది. అప్పుడు బండి కదలాలి. ఆ రెండు రైట్లూ పడకుండా ఆ బస్సు ఏనాడూ కదిలింది లేదు.

లేదని డ్రైవరు అంటాడు. కండక్టరమ్మ అనేది వేరు.

"ఈయనగారు ఒక్కనాడైనా రెండో రైట్ దాకా ఆగి ఎరుగుదురా? మొదటిది నా నోట్లోంచి ఊడిపడటం ఆలస్యం, బండి లాగించేవారు. నేను కడ్డీలు పట్టుకుని వేలాడుకుంటూ ముందుకొచ్చేదాన్ని," అంటుంది.

"శుద్ధ అబద్ధం," అంటాడు ఆయన.

ఆ ఇంట్లో తగువులన్నింటిలోకీ ఇది పాతది, పెద్దది. కూతురి పెళ్లి విషయం తేలింది, గోడలకి ఏ రంగు వెయ్యాలో తేలింది, ఇది మాత్రం తేలలేదు. సాక్ష్యం చెప్పాల్సిన ప్రయాణికులందరూ ఎవరి స్టాపుల్లో వాళ్లు దిగిపోయారు మరి.

రిటైరైన మర్నాడే డ్రైవరు తన కోరిక బయటపెట్టాడు. ఆయన బతుకంతా ముందు బండి వెనక భాగం చూస్తూ గడిచిపోయింది. లారీల వెనక రాసిన రాతలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఒక్కసారి, ఒక్క గంటైనా, ముందు ఏ బండీ లేని చోట నడపాలి. అంతకుమించి దేవుణ్ని ఆయన ఏమీ అడగలేదు. ఊరి చివర విమానాలు నేర్పే క్లబ్బు ఉందని, వయసు మళ్లినా ఒళ్లు గట్టిగా ఉంటే సొంతానికి నడుపుకునే లైసెన్సు ఇస్తారని తెలిసి డాక్టరు చేత కళ్లూ గుండే చూపించుకుని చేరిపోయాడు.

నేర్చుకోవడం తేలిగ్గా ఏం జరగలేదు. ఆకాశంలో బాగానే ఉండేవాడు. చిక్కంతా నేల మీదే. విమానం నేల మీద పోతున్నప్పుడు మలుపు తిప్పాల్సింది కాళ్లతో. ఎదురుగా కంట్రోలు చక్రంలా ఊరిస్తుంటే డ్రైవరు దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పేసేవాడు. విమానం పట్టించుకోకుండా తిన్నగా గడ్డిలోకి దిగేది. "కాళ్లు బాబాయ్ గారూ, కాళ్లు!" అని పంతులమ్మ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. కదిలే ముందు వెనక అద్దం కోసం వెతుక్కునేవాడు. దిగాక కుడిపక్కకి ఒరుసుకుంటూ, స్టాపులో ఆపినట్టు ఆపేవాడు. అవన్నీ మెల్లగా వదిలాయి. వదలనిది ఒక్కటే, అదీ ఉందని ఎవరికీ తెలియదు. పక్కన పంతులమ్మ కూర్చుని "ఊఁ, పదండి" అంటుండేది కదా, అదే ఆయనకి రైట్ అయిపోయింది. ఆమె దిగిపోయాక గాని అసలు సంగతి బయటపడలేదు.

"అయితే నేను రేడియోలో రైట్ అంటాను," అంది పంతులమ్మ మర్నాడు. చేతిలో పట్టుకునే చిన్న రేడియో తెచ్చుకుని గడ్డి అంచున నిలబడి, "రైట్ రైట్!" అని కేక వేసింది. చెయ్యి కదల్లేదు.

"ఏం బాబాయ్ గారూ?"

"నువ్వు మెట్లు చూడకుండా అన్నావమ్మా. గొంతులోనే తెలిసిపోతోంది."

ఆ సాయంత్రం క్లబ్బు పెద్దాయన పంతులమ్మని పిలిచి, "ఇంకొక్కసారి చూడు. ఈసారీ కదలకపోతే దండం పెట్టి ఇంటికి పంపించెయ్యి. ఒంటరిగా ఎగరనివాడికి లైసెన్సు నేనివ్వను, ఆ దేవుడొచ్చినా ఇవ్వలేడు," అన్నాడు. ఆమె ఆ మాట తేనెపూసి చెప్పబోయింది గానీ డ్రైవరుకి చేదు మాత్రమే అందింది.

ఇంటికెళ్లేసరికి కండక్టరమ్మ ఇస్త్రీ చేస్తోంది. రిటైరైనా ఆమె చీరలు మడత నలగకూడదు, మడత నలిగితే మనసు నలుగుతుంది. డ్రైవరు స్టూలు లాక్కుని కూర్చుని, చుట్టూ తిప్పకుండా విషయం చెప్పాడు.

"నువ్వొచ్చి రైట్ అనాలి," అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నేననను."

"ఒక్క మాటే కదే!"

"ఆ ఒక్క మాటకి అర్థమేంటో తెలుసా మీకు? వెనక మెట్టు మీద ఎవరూ లేరు, ఏ చంటిదాని చెయ్యీ తలుపులో పడలేదు, నేను చూశాను, పూచీ నాది అని. చూడని దానికి నేను రైట్ అనలేదు, అనను కూడా. ఆ పైన ఏముందో నాకేం తెలుసు? మీకేదన్నా అయితే, 'ఎవరమ్మా రైట్ అన్నది' అని రేపు దేవుడే అడిగితే ఏం చెప్పను?"

"దేవుడు అలా అడగడు."

"మీతో చెప్పాడా?"

ఆమె మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుని, "అయినా రైట్ చెబితే ఆగిన మనిషిలా మాట్లాడుతున్నారు, నా రెండో రైట్ ఏనాడు విన్నారని," అని చివరికి అక్కడికే తెచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లు డ్రైవరు క్లబ్బుకి పోలేదు. ఇంట్లో ఉండి ఇల్లు నడపడం మొదలుపెట్టాడు. వంటింట్లోకి ఎవరు ఏ వైపు నుంచి రావాలో, ఏ వైపు నుంచి పోవాలో నిర్ణయించాడు. పక్కింటాయన కారు వెనక్కి తీస్తుంటే వీధిలో నిలబడి "రానీ రానీ రానీ" అని పూలకుండీల మీదికి రానిచ్చాడు. కండక్టరమ్మ పళ్లబిగువున భరించింది. ఒకరోజు పొద్దున్న మాత్రం ఆమె భరించలేకపోయింది. రోజూ దేవుడి ముందు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ చాలాసేపు కూర్చునే మనిషి ఆ పూట కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచాడు.

"ఏమీ అడక్కుండానే లేచారేం?"

"అడగడానికేం లేదు," అన్నాడు డ్రైవరు, చెప్పులు వెతుక్కుంటూ.

ఆమె దీపం వత్తి సర్దింది. తర్వాత బీరువాలోంచి మడత నలగని చీర ఒకటి తీసింది. "పదండి. చూసొస్తాను. రైట్ అంటానని అనుకోకండి, చూడ్డానికే. ఒట్టు, దాంట్లో మాత్రం చచ్చినా ఎక్కను," అంది.

విమానాన్ని చూడగానే ఆమె మొహం అదోలా పెట్టింది. "ఇదేనా? నేనింకా పెద్దది అనుకున్నాను. మెట్లేవీ?"

"చక్రం పక్కన చిన్న రేకుంది చూడండి, అదే మెట్టు పిన్ని గారూ," అంది పంతులమ్మ.

"ఒక్కటే? వెనక తలుపు?"

"వెనక తలుపుండదండి."

"మరి వెనక ఎవరన్నా పట్టుకుని వేలాడుతుంటే ఎలా తెలుస్తుంది?"

"విమానానికి ఎవరూ వేలాడరు పిన్ని గారూ."

"నీకు జనం సంగతి తెలియదమ్మాయ్," అంది కండక్టరమ్మ జాలిగా.

తర్వాత పని మొదలుపెట్టింది. తోక దగ్గర వంగి చూసింది. చక్రాల చుట్టూ తిరిగింది. రెక్క కింద దూరి అక్కడున్న కడ్డీని పట్టుకుని, బస్సులో నిలబడ్డట్టు అలవాటుగా ఊగి చూసింది. కనిపించినదాని గురించల్లా అడిగింది. ఇది ఊడితే ఏమవుతుంది, అది తిరక్కపోతే ఏం చేస్తారు, నూనె చూశారా, ఎవరు చూశారు, మళ్లీ చూడండి. పంతులమ్మ ఓపిగ్గా ఒక్కొక్కటీ విప్పి చూపించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ దొరకనందుకు కండక్టరమ్మకి కాస్త కోపం కూడా వచ్చింది.

"ఇంజను ఆగిపోతే?"

"జారుకుంటూ దిగుతుందండి. బాబాయ్ గారు ఆ విద్య చాలా బాగా చేస్తారు."

కండక్టరమ్మ మొగుడి వంక చూసింది. ఆయన బతిమాలలేదు. టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఆమె పంతులమ్మ చేతిలోంచి రేడియో లాక్కున్నట్టు తీసుకుంది.

"ఇదెక్కడ నొక్కాలి?"

డ్రైవరు విమానాన్ని రన్‌వే మొదట్లోకి తెచ్చాడు. ఈసారి మొత్తం కాళ్లతోనే తిప్పాడు. టవరాయన అనుమతి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "ఈ రోజైనా కదులుతారా బాబూ?" అని కూడా అడిగాడు. డ్రైవరు సీటు పట్టీ మరోసారి బిగించుకున్నాడు. ఈ పూట కదలకపోతే ఇక ఈ సీట్లో కూర్చోవడం అంటూ ఉండదని ఆయనకి తెలుసు. మిగిలిన బతుకంతా పక్కింటి కార్లకి దారి చూపించుకోవడమే.

చెవుల్లో చిన్న గరగర. తర్వాత ఆ గొంతు. ఎన్ని వానల్లో, ఎంత కిక్కిరిసిన జనంలో విన్న గొంతు అది.

"రైట్."

"రన్‌వే మీద బస్సేమన్నా ఉందా?" అన్నాడు టవరాయన కంగారుగా.

ఆ మాట డ్రైవరు సగమే విన్నాడు. థ్రాటిల్ అప్పటికే పూర్తిగా ముందుకెళ్లిపోయింది. తెల్లగీత చక్రాల కిందికి పరిగెత్తుకొస్తోంది. కాళ్లు వాటంతట అవే గీతని పట్టుకున్నాయి. కంట్రోలు మెల్లగా వెనక్కి లాగాడు. పక్కసీటు ఖాళీ కావడంతో విమానం మామూలుకంటే ముందే, ఎవరో చంకల కింద చేతులేసి ఎత్తుకున్నట్టు లేచింది. క్లబ్బు రేకుల కప్పు కిందికి పోయింది. టవరు కిందికి పోయింది.

తగినంత ఎత్తుకి చేరి, మలుపు తిరిగి, విమానం నిలకడగా పడ్డాక, ఇప్పుడేదో తక్కువైందని డ్రైవరుకి తట్టింది. ఇంజను చప్పుడు విన్నాడు, బాగానే ఉంది. మీటర్ల ముళ్లన్నీ చూశాడు, ఎక్కడివక్కడే ఉన్నాయి. మరేంటి తక్కువైంది?

రెండో రైట్.

రెండో రైట్ వినబడలేదు. వినకుండానే వచ్చేశాడు.

ఒక్కడే ఉన్నా ఆయన మొహం జేవురించింది. ఉద్యోగమంతా గెలుస్తూ వచ్చానని అనుకున్న తగువు, ఇంత ఎత్తున, సాక్షుల ఎదుట, ఓడిపోయాడు. పైగా ఆ సాక్షుల్లో టవరు కూడా ఉంది.

కింద ఊరు కనిపించింది. ఆయన బస్సు నడిపిన రోడ్డు దారప్పోగులా పడి ఉంది. దాని మీద ఒక బస్సు, అగ్గిపెట్టంత, స్టాపులో ఆగి ఉంది. దాని ముందో లారీ. ఆయన తల ఎత్తి తన ముందు చూసుకున్నాడు. ఎవరూ లేరు. గీతలు లేవు, దీపాలు లేవు, లారీ వెనక రాతలు లేవు. నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి గానీ తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు. ఇన్నాళ్లూ ప్రతి పూటా దేవుడి ముందు కూర్చుని అడిగినదంతా అడిగి, జవాబు రాలేదనుకుంటూ లేచేవాడు. ఒకవేళ దేవుడు కూడా మొదటి రైట్ మాత్రమే చెప్పి ఊరుకుంటాడా? రెండోది మన కాళ్లలో, చేతుల్లో పెట్టి పంపిస్తాడా? ఆయనకి తెలియలేదు. కిందికి దిగాక భార్యని అడగాలనుకున్నాడు, అడిగితే మాత్రం ఏం వస్తుందో తెలిసి మానుకున్నాడు.

దింపడం కొత్త పైలట్‌లా కాకుండా, పాత బస్సు డ్రైవరులా దింపాడు. చక్రాలు నేల తాకినట్టే తెలియలేదు. నిలబడ్డ ముసలాళ్లెవరూ తూలి పడకూడదన్నంత మెత్తగా ఆపాడు. పంతులమ్మ గంతులేస్తూ వచ్చింది. కండక్టరమ్మ మాత్రం తీరిగ్గా, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది. బాగా నడిపారు అనలేదు, భయమేసిందా అనలేదు.

"రెండో రైట్ అన్నానా నేను?"

డ్రైవరు దిగుతూ తడబడ్డాడు. "ఇంజను మోతలో వినబడలేదేమో..."

"అమ్మాయ్, నువ్వు చెప్పు. అన్నానా?"

"లేదు బాబాయ్ గారూ," అంది పంతులమ్మ నవ్వు ఆపుకుంటూ. "పిన్ని గారు ఒక్కసారే అన్నారు."

"నువ్వు కూడా ఆవిడ పార్టీయేనా!"

"ఉద్యోగమంతా ఇదే!" అని కండక్టరమ్మ ఆకాశానికి, గడ్డికి, క్లబ్బు పెద్దాయనకి, అందరికీ చాటింది. "నేనంటే అబద్ధమన్నారు. ఇప్పుడేమంటారు? ఈయనకి రైట్ ఎందుకమ్మా! మొదటిదైనా వింటారా అంటే, అదీ నా గొంతు వినబడితే చాలు, మాటతో పనిలేదు!"

ఆయన తల దించుకున్నాడు. దించుకుంటే ఆమె చెయ్యి కనిపించింది. రేడియోని ఇంకా వదల్లేదు. వేళ్లు తెల్లగా పాలిపోయేంత గట్టిగా పట్టుకుని ఉంది.

రెండో రైట్ ఎందుకు ఆగిందో తర్వాత పంతులమ్మ రహస్యంగా చెప్పింది. ఆమె నోరు తెరిచిందట, గొంతు పెగల్లేదట. విమానం లేచాక కళ్లు గట్టిగా మూసుకుని, అది దిగేదాకా తెరవలేదట. డ్రైవరు ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. తగువు ఓడిపోయిన మనిషిలాగే ఉండిపోయాడు.

తర్వాతి నెలలు చకచకా గడిచాయి. రాతపరీక్షల్లో మబ్బుల గురించి అడిగినవన్నీ రాసి వచ్చాడు. దూరపు ఊళ్లకి ఒంటరిగా వెళ్లొచ్చాడు. ఒకసారి మాత్రం రైలుపట్టాలు చూసుకుంటూ వెళ్లి, వేరే పట్టాలు చూసుకుంటూ వచ్చి, చీవాట్లు తిన్నాడు. ఆఖరికి పెద్దపరీక్ష వచ్చింది. పరీక్ష పెట్టేవాడు పక్కసీట్లో కూర్చుంటాడు. నవ్వని మనిషని పేరు. సగం దారిలో చడీచప్పుడు లేకుండా థ్రాటిల్ వెనక్కి లాగేసి, "ఇంజను పోయింది. ఇప్పుడేం చేస్తారు?" అన్నాడు.

"ప్రయాణికుల్ని దింపి వెనక బస్సెక్కిస్తానండి," అనేశాడు డ్రైవరు.

అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఆ వెంటనే ముక్కు దించి, జారే వేగం పట్టి, గాలి ఎటుందో పొగ చూసి చెప్పి, కింద చదునుగా ఉన్న పొలం ఒకటి ఎంచుకుని దాని మీదికి పద్ధతిగా తిప్పాడు. "ఇక చాలు, లేపండి" అని పరీక్షాయన అనేదాకా ఆ పొలాన్ని వదల్లేదు. దిగి ఆగాక పరీక్షాయన కాగితం మీద ఏదో గీకాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"వెనక బస్సు ఎంతసేపట్లో వస్తుంది?"

"మా రూట్లో అయితే రాదండి."

నవ్వని మనిషి నవ్వాడు. డ్రైవరు పాసయ్యాడు.

లైసెన్సు చేతికొచ్చిన పూట దాన్ని దేవుడి ముందు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. లేచాక చూస్తే గుమ్మంలో కండక్టరమ్మ మడత నలగని చీరలో, చేతిసంచీతో నిలబడి ఉంది.

"ఎక్కడికే?"

"ఎక్కడికో మీరే చెప్పాలి. నడిపేది మీరు," అంది. ముందు ఎక్కనని ఒట్టేసుకున్న సంగతి ఆమె ఎత్తలేదు, ఆయనా గుర్తుచెయ్యలేదు.

రన్‌వే మొదట్లో విమానం నిలిపాడు. కుడి సీట్లో ఆమె, ఒళ్లో చేతిసంచీ, దాని మీద రెండు చేతులు. టవరాయన అనుమతి ఇచ్చాడు. ఆమె మెడ తిప్పి వెనకనున్న సామాన్ల గూడు చూసింది. ఎవరూ లేరు.

"రైట్," అంది.

డ్రైవరు చెయ్యి థ్రాటిల్ మీద ఉంది. అక్కడే ఉంది.

"ఏం, కదలరేం?"

"రెండోది అనలేదుగా."

"ఇన్నేళ్లూ ఆగని మనిషి ఇప్పుడు ఆగుతారా?"

"ఇప్పుడే ఆగుతాను."

"బయల్దేరవచ్చని చెప్పాను," అన్నాడు టవరాయన.

"విన్నానండి. కండక్టరు గారి అనుమతి కోసం చూస్తున్నాం."

ఆమె తన వైపు తలుపు గొళ్లెం నొక్కి చూసుకుంది. ముందున్న ఖాళీ దారి చూసింది, దాని చివర నుంచి మొదలైన ఆకాశం చూసింది. పెదాలు కదిలాయి. ప్రార్థించుకుంటోందో తిట్టుకుంటోందో డ్రైవరుకి తెలియలేదు. అడగలేదు కూడా. ఇంజను తిరుగుతోంది, ఆయన ఎదురుచూస్తున్నాడు.

"రైట్," అంది ఆమె.

ఆ మాట చివరి పొల్లు దాకా విన్నాకే డ్రైవరు థ్రాటిల్ ముందుకు నెట్టాడు.